నేను విరగ్గొట్టని నాబు

మా నాటక సమాజం ఆంప్లిఫైరుకు సౌండు నాబు విరగ్గొట్టింది గని ఆఫీసు హెడ్ క్లర్కు. ఆ పని నేను చేశానని అందరి ముందూ చెప్పింది నా మొగుడు. ఇన్నేళ్లయినా ఈ రెండు మాటలు పక్కపక్కన గుర్తొస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. మేము మందమర్రిలో గని కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయన మొదట లోపల బొగ్గు నింపే పని చేసేవాడు. ఒకసారి పైకప్పు బండ జారి మోకాలి మీద పడింది. ఆసుపత్రి నుంచి కుంటుతూ వచ్చిన మనిషిని మళ్లీ గనిలోకి దింపకుండా ల్యాంపు రూంలో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు నెత్తి దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర వాటిని తీసుకుని మళ్లీ చార్జింగుకు పెట్టడం అక్కడి పని. ఆ మార్పు కాగితం హెడ్ క్లర్కు చేతుల మీదుగా కదిలింది. అటువంటి కాగితాలు ఆయన రోజూ కదిలిస్తాడు, అది ఆయన కొలువు. మా ఆయనకు మాత్రం ఆ రోజు నుంచి హెడ్ క్లర్కు దేవుడైపోయాడు. ఆయన దగ్గితే ఈయన మంచినీళ్లు తెచ్చేవాడు.

హార్మోనియం నాకు మా బాపు దగ్గర వచ్చింది. ఆయన మెట్‌పల్లిలో ఉండి చుట్టుపక్కల ఊళ్లలో ఆడే పద్య నాటకాలకు వాయించేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ పెట్టె ముందు నేను కూర్చుంటే లెమ్మని ఎవరూ అనలేదు. పెళ్లయ్యాక కొత్త పెట్టె ఆయన ఉంచుకుని పాతది నాతో పంపించాడు. మందమర్రిలో నాటక సమాజానికి వాయించే అతను వేరే గనికి బదిలీ అయి పోయినప్పుడు, మా ఆయనే ఛాతీ విరుచుకుని చెప్పాడు, "మా ఆమెకొస్తది సారూ, మా మామ దగ్గర నేర్సుకున్నది" అని. ఆడమనిషి ఏమిటని కొందరు గొణిగారు. హెడ్ క్లర్కు సమాజానికి పెద్ద. కృష్ణా ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, నాటకాల పిచ్చి ఉన్నవాడు. "వాయించగలిగితే చాలయ్యా, ఆడేమిటి మగేమిటి" అని ఆ గొణుగుడు అక్కడికి ఆపేశాడు. ఆయన మీద నాకు ఎంత కోపం ఉన్నా ఈ ఒక్కటి దాచను.

ఆంప్లిఫైరును సమాజం వాళ్లు హైదరాబాద్ నుంచి తెప్పించారు. ఒకరు వాడి వదిలేసింది. బూడిద రంగు ఇనప డబ్బా, లోపల వాల్వులు ఎర్రగా వెలిగేవి. ముందువైపు రెండు నల్లటి నాబులు. ఒకటి పాడేవాళ్ల మైకుకు, ఇంకొకటి నా పెట్టె ముందు వేలాడదీసిన మైకుకు. బొగ్గు దుమ్ము పట్టి రెండూ బిగుసుకుపోయి ఉండేవి.

దసరాకు వేయబోయే నాటకంలో హెడ్ క్లర్కుది రాజు వేషం. ఒక ఆదివారం పగటిపూట క్లబ్బు రేకుల షెడ్డులో రిహార్సల్ నడుస్తోంది. ఆయన పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తూ తీస్తూ, హార్మోనియం తన గొంతును మింగేస్తోందని అనిపించిందేమో, పాట ఆపకుండానే రెండంగల్లో ఆంప్లిఫైరు దగ్గరికి వచ్చి నా నాబును కిందికి తిప్పాడు. అది అప్పటికే చివరిదాకా తగ్గించే ఉంది. ఆయన ఇంకా తిప్పాడు. కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. టప్‌మని చప్పుడైంది. నాబు రెండు చెక్కలై ఆయన చేతిలోకి వచ్చింది. లోపలి ఇత్తడి గొట్టం నా కాళ్ల దగ్గరికి దొర్లింది.

ఆ సమయంలో నా కుడిచెయ్యి పెట్టె మెట్ల మీద ఉంది. ఎడమచెయ్యి తిత్తి మీద ఉంది. మూడో చెయ్యి దేవుడు నాకు ఇవ్వలేదు.

హెడ్ క్లర్కు చేతిలోని ముక్కలకేసి చూసి ఏదో అనబోయాడు. ఆయన నోరు తెరిచేలోగా, తలుపు దగ్గర చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మా ఆయన ముందుకు వచ్చాడు.

"మా ఆమెనే సారూ, ఇందాక జర గట్టిగ తిప్పింది. గప్పుడే పలిగినట్టున్నది. మీ చేతికి ఊడొచ్చింది గంతే. నేను బాగుచేపిస్త, మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

హెడ్ క్లర్కు ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. ముక్కల్ని డబ్బా మీద పెట్టి, "సరే, చూడండి ఏదో ఒకటి" అని చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"నేను తిప్పలే" అన్నాను. గట్టిగానే అన్నాను. కానీ అప్పటికే అందరూ చాయ్ కోసం లేచారు. "ఆడోళ్ల చేతికి మిషనిస్తే గిట్లనే" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. మా ఆయన కూడా ఆ నవ్వుకు మర్యాదగా పెదాలు సాగదీశాడు. నేను చూశాను.

ఇంటికి వచ్చే తొవ్వలో ఆయన కుంటుతూ ముందు నడుస్తున్నాడు. నేను పక్కకు వచ్చి అడిగాను.

"నేనెప్పుడు తిప్పిన్నయ్యా?"

"ఊకో. తొవ్వల లొల్లి వెట్టకు."

"నా రెండు చేతులు పెట్టె మీదనే ఉండె. నువ్వు చూస్తలేవా?"

"చూసిన."

"మరి గట్లెందుకన్నవ్?"

"పెద్దమనిషి. గంత మందిల ఆయిన ఇజ్జత్ ఏం గావాలె?"

"మరి నా ఇజ్జత్?"

ఆయన ఆగి నా వైపు తిరిగాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "నీదేమైతది? నువ్వు ఇంటి మనిషివి."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్లు భగ్గుమన్నది అందుకే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఇంట్లో ఉన్న చాపను ఎవరు వస్తే వాళ్లకు పరిచినట్టు నన్ను ఆ షెడ్డులో పరిచి, అది నా మీద ప్రేమే అంటున్నాడు. ఇంటికి చేరేదాకా ఇక మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. అన్నం వడ్డించాను, నీళ్లు పెట్టాను, డ్యూటీకి పోయేటప్పుడు డబ్బా కట్టి ఇచ్చాను. నోరు మాత్రం విప్పలేదు.

మాతో మా అత్తమ్మ ఉండేది. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున. కోపమొచ్చినా ఆశ్చర్యమొచ్చినా ఆమె నోట ముందు మరాఠీ వచ్చేది. మా ఇద్దరి మౌనం చూసి, "కాయ్ ఝాలం? ఏమైంది పిల్లా?" అని నన్ను అడిగింది. నేను చెప్పలేదు. "మొగోడు ఏదన్న అంటే అంటడు. పోనియ్యరాదు" అంది సంగతి తెలియకుండానే. నాకు ఆమె మీద కూడా మండింది.

మా ఆయన అన్నమాట ప్రకారం ముక్కలు జేబులో వేసుకుని మంచిర్యాలలో ఒక రేడియో దుకాణానికి పోయి వచ్చాడు. అటువంటి నాబు తమ దగ్గర లేదని, హైదరాబాద్ నుంచి రావాలని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారట. ఈలోగా రిహార్సల్స్‌లో ఎవరైనా కటింగ్ ప్లేయరుతో ఆ ఉత్త కడ్డీని పట్టుకుని తిప్పేవారు. చేత్తో తిప్పబోతే కరెంటు చిమచిమ పట్టేది. ఒకరోజు నాకూ పట్టింది. చెయ్యి విదిలించుకుంటుంటే ఎవరో, "పలగ్గొట్టినందుకు అది పగవట్టింది వదినే" అన్నారు. మళ్లీ నవ్వులు.

ఆ నవ్వులోనే నిర్ణయించుకున్నాను. దాన్ని నేనే బాగుచేస్తానని.

పగలగొట్టని వస్తువును బాగుచేస్తే నేరం ఒప్పుకున్నట్టు అవుతుందని నాకు తెలియక కాదు. కానీ మా ఆయన తెచ్చే నాబుతో, ఆయన నా తరఫున చెప్పుకునే క్షమాపణతో నా పెట్టె మళ్లీ మోగడం నాకు ఇష్టం లేకపోయింది. ఆంప్లిఫైరును ఇంటికి తెచ్చి పెట్టమన్నాను. చాలా రోజుల తర్వాత నా నోట మాట విని ఆయన సంబరపడి, సైకిల్ వెనక కట్టుకుని అదే సాయంత్రం తెచ్చాడు. దింపుతూ "ఏం జేస్తవే దీన్ని?" అని అడిగాడు. నేను డబ్బా మీది బొగ్గు దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

మర్నాడు దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. కడ్డీ బాగానే ఉంది. ఒకవైపు చదునుగా చెక్కి ఉంది. ఇత్తడి గొట్టం కూడా బాగానే ఉంది, దాని పక్కన ఒక సన్నని మర ఉంది. ఆ మర బిగిస్తే గొట్టం కడ్డీని కరుచుకుంటుంది. పగిలింది చుట్టూ ఉన్న నల్లటి బిళ్ళ మాత్రమే. అంటే గొట్టం చుట్టూ చేతికి పట్టు దొరికేది, కరెంటు పట్టనిది ఏదైనా ఉంటే చాలు. ఇంత చిన్న సంగతి. దీనికోసం మా ఆయన నన్ను ఊరి నోట్లో పెట్టాడు.

ముందు రెండు చెక్కల్ని కలిపి దారం చుట్టి జిగురు పూశాను. ఆరినట్టే ఆరి, తిప్పగానే విడిపోయింది. అప్పుడు నాకు అంగట్లో లక్క గాజులు చేసి అమ్మే ఆమె గుర్తొచ్చింది. నేను ఎప్పుడూ ఆమె దగ్గరే గాజులు వేయించుకునేదాన్ని. గొట్టం తీసుకుపోయి చూపించాను.

"దీని సుట్టు లక్క వెయ్యాలె అక్కా. గిట్ల గుండ్రంగ, వేళ్లతోని పట్టుకునేటట్టు."

"గిదేం సొమ్మే? ముక్కుకా, చెవులకా?"

"మిషను చెవికి."

ఆమె నవ్వి, నిప్పుల మీద లక్క వేడిచేసి, గొట్టం చుట్టూ అద్ది, గాజు ఒత్తినట్టే ఒత్తి, మర దగ్గర సూదితో సందు ఉంచి ఇచ్చింది. ఎర్రగా మెరిసిపోతోంది. కడ్డీకి బిగించి తిప్పితే పెట్టె సౌండు నీళ్లలా పెరిగింది, తగ్గింది. ఆ రోజు సాయంత్రం డబ్బాతో సహా రిహార్సల్‌కు తల ఎత్తుకుని పోయాను.

రేకుల షెడ్డు. వానలు వెనక్కి పోయి మళ్లీ ఎండలు కాస్తున్న రోజులు. కాసేపటికి వాల్వులు కాగి డబ్బా ముందు రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. సౌండు కొంచెం పెంచుదామని తిప్పితే నా చేతిలో లక్క తిరిగింది, లోపల గొట్టం తిరగలేదు. వేళ్లకు ఎర్రగా అంటుకుంది. పద్యం మధ్యలో ఉన్న మంత్రి వేషగాడు నా వేళ్లు చూసి పాట ఆపి, "వదినే, నీ గాజు కరిగింది" అన్నాడు. షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. హెడ్ క్లర్కు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. విరగ్గొట్టినవాడు నవ్వాడు! మా ఆయన పరుగున కటింగ్ ప్లేయరు తెచ్చి, "పెద్దగ ఏం కాలేదు సారూ, రేపటికల్లా జేస్తది" అన్నాడు. నా తరఫున మళ్లీ మాట ఇచ్చేశాడు.

ఆంప్లిఫైరు మళ్లీ మా ఇంటికి చేరింది. చేతులు కడుక్కుంటుంటే లక్క వదల్లేదు. గోళ్లతో గీరాను. ఇసుకతో రుద్దాను. వేళ్లు మండుతున్నా రుద్దుతూనే ఉన్నాను.

తర్వాతి అంగడి రోజున ఒక బొంగరం కొన్నాను. గట్టి కర్ర, తరిమెన పట్టి నున్నగా చేసింది. పక్క క్వార్టరు ఫిట్టరు ఇంటినుంచి ఇనుము కోసే ఆక్సా బ్లేడు అడిగి తెచ్చి, దాని తల వైపు కొంత మందాన కోసేశాను. చక్కగా గుప్పిట్లో ఇమిడే బిళ్ళ వచ్చింది. ఇక దాని నడుమ గొట్టం దిగడానికి ఒక బెజ్జం, పక్కనుంచి మర తిప్పడానికి ఇంకో సన్నని బెజ్జం కావాలి. బెజ్జాలు వేసే బర్మా లేదు. సైకిల్ పుల్లను పొయ్యిలో ఎర్రగా కాల్చి పొడిచాను. పొగ వచ్చింది. మళ్లీ కాల్చి మళ్లీ పొడిచాను. నాకు తెలియకుండానే పళ్లు కొరుకుతున్నానట.

అత్తమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. "ఎవరి కండ్లు పొడుస్తున్నవే గట్ల?" అంది.

"నీ కొడుకువి."

ఆమె ఉలిక్కిపడి లేచి దగ్గరికి వచ్చింది. "ఏం జేసిండే?"

అప్పుడు చెప్పాను. ఆదివారం పగలు జరిగింది, తొవ్వలో ఆయన అన్నది, లక్క కరిగినప్పటి నవ్వులు, అంతా. ఆమె అడిగింది, "నీ రెండు చేతులు పెట్టె మీదనే ఉన్నయా?"

"ఉన్నయి."

ఆమె గాలిలో చేతులు పెట్టి చూసుకుంది. ఒక చేత్తో లేని తిత్తిని ఊపింది, ఇంకో చేత్తో లేని మెట్లు నొక్కింది. కుడి చూసింది, ఎడమ చూసింది. "మరి ఏ చేత్తోని తిప్పుతవ్?" అంది తనలో తనే అన్నట్టు. ఆ ప్రశ్న షెడ్డులో ఒక్క మగవాడికీ రాలేదు.

మొదటి షిఫ్టు దిగి మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ముద్ద కలుపుతుంటే అత్తమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒరే, నీ పెండ్లం నాబును ఏ చేత్తోని తిప్పిందిరా?"

ఆయన చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు. నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"అది తిప్పలే అవ్వా. ఆయిననే తిప్పిండు."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఇంట్ల చెప్తే ఏమొస్తది? ఆడ చెప్పు పో."

"అవ్వా, ఆయిన నాకు అన్నం వెట్టిండు. నాకు ల్యాంపు రూం ఇప్పిచ్చిండు."

"అన్నం వెట్టిండని ఇంటి మనిషిని బలిస్తవారా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయన ఆకలితో లేవడం చూసి మామూలుగా అయితే నా ప్రాణం ఉసూరుమనేది. ఆ రోజు అన్నం గిన్నె మీద మూత పెట్టి నా పని నేను చేసుకున్నాను.

రెండు మూడు రోజులు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి తిన్నగా హెడ్ క్లర్కు ఇంటికి పోయి వచ్చాడు. వచ్చినవాడి మొహం వింతగా ఉంది. అరుగు మీద కూర్చుని చాలాసేపు మోకాలు రాసుకున్నాడు. అత్తమ్మే అడిగింది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు? కోపానికొచ్చిండా?"

"నవ్విండు."

"నవ్వుడేంది?"

ఆయన నేల చూస్తూ హెడ్ క్లర్కు మాటల్ని ఆయన యాసలోనే అప్పగించాడు. "'నాబు విరగ్గొట్టింది నేనే కదయ్యా. అయ్యో, విరిగిందే అని చెప్పబోతున్నాను, ఈలోగా నువ్వొచ్చి మీ ఆవిడ పేరు చెప్పావు. మొగుడూ పెళ్లాల మధ్య ఏదో ఉంది కాబోలు, నాకెందుకులే అని ఊరుకున్నాను. దీనికోసం ఇంత ఎండలో వచ్చావా?' అన్నడు. సల్ల తాగి పొమ్మన్నడు."

"తాగినవా?" అని అడిగాను.

ఆయన మళ్లీ మోకాలు రాసుకున్నాడు. తాగే ఉంటాడు.

అప్పటిదాకా నాకున్న కోపం దీని ముందు ఏపాటిది! ఆ పెద్దమనిషి ఇజ్జత్ కాపాడటానికి మా ఆయన నన్ను పడేశాడనే అనుకున్నాను. కాపాడమని ఆయన అడగనే లేదు. అసలు ఆయన ఇజ్జత్‌కు ఏమీ కాబోవడం లేదు. నాబు విరిగితే, "విరిగింది" అని చెప్పి చాయ్ తాగగలిగిన మనిషి ఆయన. అంత సులువుగా పోయే సంగతికి మా ఆయన నన్ను బలి ఇచ్చాడు. ఇక ఆ హెడ్ క్లర్కు? ఒక ఆడమనిషి చెయ్యని తప్పు మోస్తూ కళ్ల ముందు తిరుగుతుంటే, తప్పు తనదని తెలిసీ, "నాకెందుకులే" అనుకున్నాడు. వేళ్లకు లక్క అంటుకుంటే నవ్వాడు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ మండిపోవాలో తెలియలేదు.

"ఇంటికి పోయి చెప్పుడు కాదు. షెడ్డుల అన్నవ్, షెడ్డులనే చెప్పు" అన్నాను.

"చెప్త" అన్నాడు.

ఆ సాయంత్రానికి నాబు సిద్ధం చేశాను. గొట్టాన్ని కర్ర బెజ్జంలోకి రాయితో కొట్టి దింపి, అది లోపల తిరగకుండా పక్కన సన్న మేకులు కొట్టాను. పక్క బెజ్జంలోంచి మర బిగించాను. రెండు చేతులతో మెలితిప్పినా జారలేదు. ఆంప్లిఫైరు సైకిల్ మీద షెడ్డుకు చేరింది.

మేం పోయేసరికి అక్కడ గడ్డాల గురించి తగవు నడుస్తోంది. ముని వేషానికి తెచ్చిన గడ్డం పొట్టిగా ఉందని ఒకరు, చాలునని ఒకరు అరుచుకుంటున్నారు. మా ఆయన మధ్యలోకి పోయి నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట. గా నాబును మా ఆమె పలగ్గొట్టలే. నేనే అబద్ధం చెప్పిన."

గడ్డం చేతిలో పట్టుకున్నవాడు ఆయన వైపు తిరిగి, "గది అందరికి ఎర్కే గదనే. సారు తిప్పంగ మేం చూస్తలేమా?" అన్నాడు. మళ్లీ గడ్డం మీదికి పోయాడు.

అందరికీ తెలుసు! అంటే ఇన్నాళ్లూ నాతో పరాచికాలాడింది, నేను చెయ్యలేదని తెలిసే. నేను పెట్టె మూత దబ్బున వేశాను. ఆ చప్పుడుకు గడ్డాల తగవు ఆగింది.

"ఎర్కుంటే నోట్లె ఏం వెట్టుకున్నరు?" అన్నాను. "నేను తిప్పలే అని మొత్తుకున్న. ఒక్కలన్న అవునన్నరా? నా చెయ్యికి కరెంటు కొడ్తే నవ్విండ్రు. లక్క కరిగితే నవ్విండ్రు. ఇప్పుడు ఎర్కే అంటున్నరు."

హెడ్ క్లర్కు కుర్చీలోంచి లేచి, "తప్పు నాదేనమ్మా. ఇంతలా బాధపడ్డావని అనుకోలేదు. ఇక వదిలెయ్" అన్నాడు. భుజం మీది దుమ్ము దులుపుకున్నంత తేలిగ్గా అన్నాడు. ఆయనకు క్షమాపణ కూడా సులువే.

"వదిలేసుడు నా ఇష్టం సారూ" అన్నాను. ఒక పెద్దమనిషితో నేను అట్లా మాట్లాడటం అదే మొదలు. "నాబు బాగైంది. దీని మీద ఇగ నా చెయ్యి తప్ప ఇంకొకలది వడొద్దు. మీ గొంతు వినవడకపోతే నాకు చెప్పుండ్రి, నేను తగ్గిస్త. ఇష్టం లేకపోతే ఇప్పుడే నా పెట్టె వట్టుకొని పోత."

మా ఆయన మొహం తెల్లబోయింది. హెడ్ క్లర్కు మళ్లీ కుర్చీలో కూర్చుంటూ, "అలాగే కానియ్యమ్మా" అన్నాడు. ఆంప్లిఫైరును నా మోకాలి పక్కకు జరిపించుకున్నాను.

దసరాకు నాటకం ఆడారు. జనం బాగా వచ్చారు. కర్ర నాబు కదలకుండా నిలిచింది. రాజు పద్యాలకు నేనే పద్యానికి ముందే సౌండు తగ్గించి ఉంచాను, ఎందుకంటే ఆయన గొంతు నిజంగానే మంచిది, నా పంతం కోసం నాటకం చెడగొట్టడం బాపు నాకు నేర్పలేదు. ముగిశాక చాలామంది వచ్చి పెట్టె బాగా పలికిందన్నారు. సంతోషం కలగలేదు.

నాటకం అయ్యాక పెట్టె తీసుకుని మెట్‌పల్లి పోయాను. ఎన్నాళ్లకు వస్తానో చెప్పలేదు. బాపుకు అంతా చెబితే ఆయన కూడా నవ్వాడు. "నాటకాలల్ల గివన్ని మామూలే బిడ్డా. నా మీద ఎన్ని వెయ్యలే?" అన్నాడు. కంచం ముందునుంచి లేచిపోయాను. ఆయన నవ్వు ఆగింది. నన్ను కన్న అవ్వ వచ్చి బతిమాలినా ఆ పూట తినలేదు. నా కోపం ఎవరికీ నవ్వు తెప్పించకుండా ఉండే చోటు ఈ భూమ్మీద లేదా అనిపించింది.

కొన్నాళ్లకు మా ఆయన నుంచి కబురొచ్చింది, అత్తమ్మకు ఒంట్లో బాగాలేదని. ఆమె కోసమే బయలుదేరాను. బస్సులు మారి మంచిర్యాల, అక్కడినుంచి రైలు. మందమర్రి స్టేషనులో ఆయన నిలబడి ఉన్నాడు. అత్తమ్మ ఎట్లా ఉందని అడిగితే జ్వరం తగ్గిందన్నాడు. పెట్టె భుజానికెత్తుకున్నాడు. కొంతదూరం నడిచాక తనంతట తనే మొదలుపెట్టాడు.

"నాకు గాయినంటే భయం. నువ్వంటే భయం లేకుండె. గందుకే నీ పేరు చెప్పిన. ఇంకేం లేదు."

ఇంత నిజం ఆయన నోట అంతకుముందు వినలేదు. 'ఇంటి మనిషివి' అన్న మాటకు అసలు అర్థం ఇదన్నమాట. కోపం పైకి లేచింది, కానీ ఈసారి దాని కింద నిలబడటానికి కాస్త గట్టినేల దొరికినట్టు అనిపించింది.

"మరిప్పుడు?" అని అడిగాను.

"ఇప్పుడు నువ్వంటేనే ఎక్కువ భయం" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. బిగబట్టుకున్నాను. నవ్వితే మాఫీ అయిపోయిందని అనుకుంటాడు. పెట్టె బరువుకు ఆయన దెబ్బతిన్న కాలు ఈడుస్తున్నాడు, మధ్యలో రెండుసార్లు ఆగి భుజం మార్చుకున్నాడు. ఒక కొస పట్టుకుంటానని నేను అనలేదు. క్వార్టరు దాకా ఆయనతోనే మోయించాను.